ఎడమకి తిప్పితే కుడికి

సంకిలి ఫ్యాక్టరీ గేటు ముందు
చెరుకు బళ్ల వరసలో మూడో రాత్రి
అసిరయ్య బావ బీడీ ఆర్పి చెప్పాడు:
"ముందుకి పోడం దున్నపోతుకైనా వచ్చు.
ఎనక్కి రావాల. అదీ తొట్టితోటి."

స్టీరింగు ఎడమకి తిప్పితే
తొట్టి కుడికి పోతుంది.
కుడికి తిప్పితే ఎడమకి.
మొదటిరోజు గేదెల వారి గడ్డివాము కూల్చాను.
రెండోరోజు బోరింగు గట్టు.
మూడోరోజు ఇంజను చప్పుడు వినగానే
సందులో కోళ్లు ముందే తప్పుకున్నాయి.

ట్రాక్టరు మా సంఘానిది.
ఎనిమిది వేలిముద్రలు, రెండు సంతకాలు,
బ్యాంకుకి అరవై వాయిదాలు.
నడపడానికి మాత్రం
ఓ మగాణ్ణి జీతానికి పెట్టుకోమన్నారు.
పద్దు రాసేది నేనే.
ఆ జీతం అంకె కింద గీత గీసి
చాలాసేపు చూశాను.

విజయనగరం ఆఫీసులో కిటికీ అవతల గుమస్తా
కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి
పెళ్లిలో చదివింపులు చదివినట్టు చదివాడు:
ముందు ఎల్ బోర్డు, నెల ఆగాలి.
తర్వాత తేలిక బండి.
ఆ కార్డుకి ఏడాది నిండితేగాని
బరువు బండికి పేరు రాసుకోం.
ఇరవై దాటాలి.
"ముప్ఫై నాలుగు బాబూ."
అయితే దాటినట్టే.
కంటి చూపు, డాక్టరు సంతకం, డ్రైవింగ్ స్కూలు కాగితం,
ఏడున్నర వేల కిలోలు దాటిందా, అది వేరే లెక్క.

బరువు, తేలిక.
గోగునార కట్టలు,
చెరువులో నానినవి, నీళ్లు కారేవి,
నెత్తిన పెట్టుకుని గట్టెక్కేదాన్ని.
అప్పుడు నేను ఏ తరగతి బండినో
ఎవరూ కాటా వేసి చూడలేదు.

"బరువంటే బండిదా బాబూ, సరుకుదా?"
అతను కళ్లద్దాలు కిందికి దించుకున్నాడు.
అప్పుడే మొదటిసారి నన్ను చూడడం.
"రెండూ కలిపి.
ఖాళీగా ఎంతుందో కాదమ్మా,
నిండితే ఎంతవుతుందో, అదీ లెక్క."

ఏడాది గడిచింది. మధ్యలో రెండు వాయిదాలు తప్పాయి,
పోలమ్మ సంఘంలోంచి లేచిపోయి మళ్లీ వచ్చింది.

పరీక్ష రోజు తెల్లారగట్ల వాన.
సున్నపు గీతలు సగం కరిగి
ఏది గీతో ఏది బురదో తెలియడం లేదు.
వరసలో పద్దెనిమిదిమంది మగాళ్లు, నేను.
టెక్కలి రాయి మోసే ట్రైలర్ల మీద
క్లీనర్లుగా పెరిగిన కుర్రాళ్లు,
ఇచ్ఛాపురం దాటి ఎన్నిసార్లో పోయొచ్చి
ఇప్పుడు కాగితం కోసం వచ్చినవాళ్లు.
వాళ్లలో ఒకడు, మీసం ఇంకా సరిగ్గా రానివాడు,
దగ్గరకొచ్చి గుసగుసగా అన్నాడు:
"తొట్టి ఇప్పేసి సెయ్యప్పా. సులువు."

పిన్ను మీద చెయ్యి పెట్టాను.
వేళ్లకి గ్రీజు అంటింది.
దీన్ని తీసేసి
ఉట్టి ఇంజనుతో
నేనెప్పుడు ఎక్కడికెళ్లాను?

ఎక్కాను. మెడ వెనక్కి తిప్పాను.
ఎడమకి తిప్పాను, కుడికి పోయింది.
కుడికి, ఎడమకి.
నెమ్మదిగా, పసిపిల్లని నిద్రపుచ్చి
చాప మీద దించినట్టు.
ఆఖర్న, ఇంక మూరెడు ఉందనగా
వెనక చక్రం ఓ గీత మీద కూర్చుంది.

ఇన్‌స్పెక్టరు గొడుగు కిందనుంచే రాశాడు.
"వారం ఆగి రా."
కోపం లేదు, జాలీ లేదు.
గీత గీతే.

రాజాం రోడ్డు పట్టేసరికి పొద్దు గూకింది.
పక్కన అసిరయ్య బావ,
బండికి కట్టిన ఎల్ అక్షరంలాగే
నోరు విప్పకుండా కూర్చున్నాడు.
సందు మొదట ఆపి, లైటు వేసి,
వెనక్కి అందుకున్నాను.
గడ్డివాము పక్కనుంచి,
బోరింగు గట్టు పక్కనుంచి
తొట్టి షెడ్డులోకి పోయి నిలిచింది.

కోళ్లు
కదల్లేదు.